మెడ తిరిగిన పావురాలు

పోలిరాజు పోర్టులో క్రేన్ ఆపరేటరు. ఓడ కడుపులోంచి బొగ్గు తీసి ఒడ్డున పోసే పెద్ద క్రేను మీద ఇరవై రెండేళ్లుగా కూర్చుంటున్నాడు. అతని చేతులు చాలా నెమ్మదైనవి. లివరు ఎంత కదపాలో అంతే కదుపుతాయి. నోరు మాత్రం అలాంటిది కాదు. కింద నిలబడి సైగలు చేసే సిగ్నల్‌మ్యాన్ చిన్న పొరపాటు చేస్తే చాలు, వాకీటాకీలో వాడి చదువు గురించి, చూపు గురించి, పుట్టుక గురించి వరసగా వినపడేది. ఆరుగురు సిగ్నల్‌మ్యాన్లు ఓడలు ఆగే ఇంకో బెర్తుకి మార్పించుకుని వెళ్లిపోయారు. ఏడోవాడు సాయిశంకర్ మాత్రం నిలబడ్డాడు. తిట్లు మొదలవగానే వాకీటాకీని చెవికి దూరంగా పట్టుకుని, గొంతు తగ్గాక మళ్లీ దగ్గరికి తెచ్చుకునేవాడు.

కిందటి ఎండాకాలం పోలిరాజుకి బీపీ నూట తొంభై దాటింది. సీతమ్మధారలో డాక్టరు మాత్రలు రాసి, మాత్రలొక్కటే చాలవని, తన క్లినిక్ పైఅంతస్తులో ప్రతి ఆదివారం ధ్యానం నేర్పుతారని, అక్కడికి కూడా వెళ్లమని చెప్పాడు. వెళ్తానన్నాడు పోలిరాజు. వెళ్లడని అతని భార్య సూర్యకళకి తెలుసు. అందుకే మొదటి ఆదివారం ఆమె కూడా ఆటోలో వచ్చి, అతను మెట్లన్నీ ఎక్కేదాకా కింద కూర్చుంది.

నేర్పేది ఆశాజ్యోతి గారు. కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయిన మనిషి. దేవుడి పటం లేదు, హారతి లేదు. బుద్ధుడు చెప్పిన పద్ధతి అన్నారు. మొదట ఊపిరి గమనించడం. తర్వాత ఐదు నియమాలు: ప్రాణం తీయకూడదు, దొంగతనం చేయకూడదు, తప్పుదారి సంబంధాలు పెట్టుకోకూడదు, అబద్ధం ఆడకూడదు, తాగకూడదు. పోలిరాజుకి ఐదూ తేలికగానే కనిపించాయి. తాగుడు డాక్టరు ముందే మాన్పించాడు. తక్కినవి తను చేసేవి కావు అనుకున్నాడు.

నాలుగో ఆదివారం మైత్రి భావన చెప్పారు. ముందు నీ మంచి కోరుకోవాలి, తర్వాత నీకు ఇష్టమైనవాళ్ల మంచి, ఆ తర్వాత నీకు బొత్తిగా పడని మనిషి మంచి.

"ఎవరో ఒకరుంటారు కదా, వాళ్లని తలచుకోండి" అన్నారు ఆశాజ్యోతి గారు.

కొంతమంది కళ్లు తెరిచి ఆలోచించారు. పోలిరాజుకి ఆ అవసరం రాలేదు.

మల్కాపురంలో అతని పక్కిల్లు దొరబాబుది. రెండు డాబాల మధ్య సందు నాలుగడుగులు. దొరబాబు రిఫైనరీలో కాంట్రాక్టు వెల్డరు. పెళ్లి చేసుకోలేదు, తల్లి వరహాలమ్మతో ఉంటాడు. డాబా మీద చెక్కగూళ్లు కట్టి ముప్పై ఒక్క పావురాలని పెంచుతున్నాడు. అవి తమ డాబా మీద కన్నా పోలిరాజు డాబా మీదే ఎక్కువ వాలేవి. ఆరేసిన బట్టలు, ఎండబెట్టిన మిరపకాయలు, ఏదీ వదిలేవి కావు. నాలుగేళ్ల కిందట పోలిరాజు ఫిషింగ్ హార్బరు నుంచి పాత వల ఒకటి తెచ్చి డాబా అంచున కట్టాడు. మూడోరోజున దొరబాబు డ్యూటీ నుంచి వచ్చేసరికి తెల్ల ఆడపావురం ఒకటి అందులో చిక్కుకుని చచ్చిపోయి ఉంది. మిరపకాయల మీద కప్పడానికి కట్టానన్నాడు పోలిరాజు. మిరపకాయలకి వల నిలువుగా ఎవడు కడతాడన్నాడు దొరబాబు. అంతవరకూ ఒకరినొకరు బావా బావా అని పిలుచుకునేవాళ్లు, ఆ రోజు నుంచి మాట్లాడుకోలేదు. సూర్యకళ, వరహాలమ్మ మాత్రం కుళాయి దగ్గర మామూలుగానే మాట్లాడుకునేవారు. ఆ గొడవలోకి వాళ్లనెవరూ పిలవలేదు.

కాబట్టి పోలిరాజు దొరబాబునే తలచుకున్నాడు. అంతటితో ఆగలేదు. పడని మనిషి వైపు తిరిగి కూర్చోవచ్చా అని ఆశాజ్యోతి గారిని అడిగాడు. దిక్కుతో పని లేదన్నారావిడ. అంటే కూర్చోవచ్చని అర్థం చేసుకున్నాడు. రోజూ పొద్దున్న ఐదున్నరకి డాబా ఎక్కి, దొరబాబు పావురాల గూళ్ల వైపు తిరిగి, మఠం వేసుకుని కళ్లు మూసుకునేవాడు. మనసులో అనుకుంటే మాట జారిపోతోందని పెదాలు కదిపేవాడు. "దొరబాబు సుఖంగా ఉండాలి. దొరబాబు ఆరోగ్యంగా ఉండాలి. దొరబాబుని నేను క్షమిస్తున్నాను."

రెండు నెలలు గడిచాయి. బీపీ నూట నలభైకి దిగింది. ఒకరోజు క్రేను మీంచి, "సాయీ, కొంచెం పక్కకి జరుగు నాన్నా, బొగ్గు పడతాది" అన్నాడు. సాయిశంకర్ జరగలేదు. ఆ మాట తనకి కాదనుకున్నాడు. రెండోసారి అదే గొంతు అదే మాట అనేసరికి కంగారుపడి సూపర్‌వైజరుకి చెప్పాడు. సూపర్‌వైజరు పోలిరాజుని కిందికి దింపి, ఇంట్లో అంతా బాగేనా అని అడిగి, ఆ పూటకి సెలవిచ్చి పంపేశాడు.

వానలు ముదిరిన రోజుల్లో దొరబాబు పావురాలకి ఏదో పట్టుకుంది. మొదట ఒకదాని మెడ పక్కకి వాలింది. రెండోరోజుకి ఆ మెడ మెలితిరిగి, ముక్కు ఆకాశం వైపు, నడినెత్తి నేల వైపు వచ్చింది. గింజ పొడవబోతే వీపు మీద పడి గిరగిరా తిరిగేది. వారం రోజుల్లో ఆరు చచ్చిపోయాయి, ఇంకో పద్నాలుగింటికి మెడలు తిరిగాయి. తెల్లవారుజామునే గూళ్లు చూడ్డానికి డాబా ఎక్కిన దొరబాబుకి, ఎదురుగా పోలిరాజు కళ్లు మూసుకుని, గూళ్ల వైపే మొహం పెట్టి, పెదాలు కదుపుతూ కనిపించాడు.

చేతబడిని అక్కడ చిల్లంగి అంటారు. సాయంత్రానికి ఆ మాట వీధి చివరిదాకా వెళ్లి తిరిగి వచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక యూత్ క్లబ్బు రేకులషెడ్డులో మీటింగు పెట్టారు. వీధి సంఘానికి గురునాథరావు పెద్ద. పోర్టులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. పోలిరాజుని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. దొరబాబు కూర్చోలేదు. అట్టపెట్టె ఒకటి చంకలో పెట్టుకుని స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు.

"ఏటి పోలిరాజూ, పొద్దున్నే మేడెక్కి కళ్లు మూసుకుని ఏటి సదువుతన్నావ్?" అన్నాడు గురునాథరావు.

"దొరబాబు సుఖంగా ఉండాలని అనుకుంటన్నాను."

గురునాథరావు వినపడనట్టు చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు.

"ఏ దొరబాబు?"

"ఈ దొరబాబే."

"నమ్మీలాటిది సెప్పు."

"నిజవే సెప్తన్నాను."

"దొరబాబు సుఖంగా ఉండాలని నువ్వెందుకు అనుకుంటావ్?"

ఆ ప్రశ్న న్యాయంగానే ఉందని అందరికీ అనిపించింది. పోలిరాజుకి కూడా. గురునాథరావు సూర్యకళ వైపు తిరిగాడు. "అమ్మా, నువ్వు సెప్పు. మీ ఆయన ఇలాటోడేనా?"

"ఇలాటోడు కాదు" అంది సూర్యకళ. అన్నాక అది సరిపోదనిపించి, "ఈమజ్జినే అయినాడు. డాట్రుగారు బీపీకి సెప్పినారు" అంది.

"బీపీకి మందు దొరబాబేటి?" అన్నారెవరో వెనక నుంచి.

పోలిరాజు వివరించడానికి ప్రయత్నించాడు. ఊపిరి సంగతి, ఇష్టమైనవాళ్ల సంగతి, పడనివాళ్ల సంగతి చెప్పాడు. చెబుతున్నకొద్దీ తనకే అది మంత్రంలాగా వినపడింది. అప్పుడు దొరబాబు ముందుకొచ్చాడు. నాలుగేళ్లలో పోలిరాజుతో అతను నేరుగా మాట్లాడడం అదే మొదలు.

"ఈ కతలన్నీ నాకక్కర్నేదు. నానొకటే అడుగుతాను. ఆ రోజు వల దేనికి కట్టినావ్?"

మిరపకాయలకి అనే జవాబు పోలిరాజు నోట్లో సిద్ధంగానే ఉంది. నాలుగేళ్లుగా ఎవరడిగినా అదే చెప్పాడు. అబద్ధం ఆడకూడదనే నియమం తను ఒప్పుకున్న రోజు నుంచి పుట్టే అబద్ధాలకే గాని పాతవాటికి వర్తించదని ఇన్నాళ్లూ అనుకున్నాడు. కాని ఇప్పుడు నోరు తెరిచి చెబితే అది ఈ రోజు అబద్ధమవుతుంది. దొరబాబు చంకలో పెట్టె మూత కొద్దిగా తెరుచుకుని ఉంది. లోపలి పావురం తలకిందులుగా ఉన్న మొహంతో అతన్నే చూస్తోంది.

"నీ పావురాల్ని పట్టడానికే కట్టినాను" అన్నాడు.

సూర్యకళ నుదుటి మీద చెయ్యి పెట్టుకుంది.

"తెల్లది సిక్కుకోడం నాను సూసినాను" అన్నాడు పోలిరాజు మళ్లీ. ఎవరూ అడగకుండానే మాట వచ్చేస్తోంది. "పొద్దున పది గంటలకి సూసినాను. అప్పటికి బతికే ఉంది. తీసీగల్ను. తియ్యనేదు. నువ్వొచ్చి సూడాలని అలాగే ఒగ్గీసినాను."

దొరబాబు పెట్టె మూత సరిచేసుకుని ఇంటికి వెళ్లిపోయాడు.

గురునాథరావు ఇరుకున పడ్డాడు. చేశానని ఒప్పుకున్నది చిల్లంగి కాదు. చిల్లంగి చేయలేదనడానికి రుజువూ లేదు. చివరికి, సంఘం చెప్పేవరకూ పోలిరాజు తన డాబా తను ఎక్కకూడదని తీర్మానించి మీటింగు ముగించాడు.

ఇంటికి వచ్చాక సూర్యకళ టీ ఇచ్చి ఎదురుగా కూర్చుంది. "నాక్కూడా మిరపకాయలకనే సెప్పినావు" అంది. లేచి వంటింట్లోకి వెళ్లింది. పోలిరాజుకి ఆమె తిట్టి ఉంటే బాగుండుననిపించింది.

సాయంత్రం ఆశాజ్యోతి గారికి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాడు.

"రోజూ ఆయన్ని క్షమిస్తున్నానన్నారు కదా, దేనికి క్షమించారు?" అని అడిగారావిడ.

పోలిరాజు చాలాసేపు ఆలోచించాడు. "నాతో మాట్లాడనందుకండి" అన్నాడు.

 

"పావురాలు ఎలా ఉన్నాయి?" అన్నారు ఆశాజ్యోతి గారు.

"సచ్చిపోతన్నాయండి."

"డాక్టరుకి చూపించారా?"

ఎవరూ చూపించలేదు. చిల్లంగి అని తేలాక డాక్టరు సంగతి ఎవరికీ తోచలేదు. పోలిరాజుకీ తోచలేదు. రెండు నెలలుగా వాటికి ఎదురుగా కూర్చున్నవాడు తను.

మర్నాడు డ్యూటీకి సెలవు పెట్టి, పొద్దున తొమ్మిదింటికి వెళ్లి దొరబాబు తలుపు కొట్టాడు. వరహాలమ్మ తీసింది. రిఫైనరీ ఆపి మరమ్మతులు చేసే షట్‌డౌన్ పనులు జరుగుతున్నాయని, కొడుకు ఆరింటికి పోతే మళ్లీ సాయంత్రం ఆరింటికే వస్తాడని చెప్పింది.

"ఒక పావురాన్నియ్యి అత్తా. ఆస్పత్రికి పట్టుకెల్తాను."

"మా వోడు సంపీత్తాడు."

"నన్నా, నిన్నా?"

"ఇద్దర్నీ" అంది వరహాలమ్మ. కాసేపు అతని మొహంలోకి చూసి, లోపలికి వెళ్లి పెట్టె తెచ్చి ఇచ్చింది.

పశువుల ఆస్పత్రిలో ఒక గేదెదూడ, ఒక కుక్కపిల్ల తర్వాత అతని వంతు వచ్చింది. డాక్టరమ్మ పావురాన్ని బల్ల మీద పెట్టి, అది గిరగిరా తిరగడం చూసి, ఇది పావురాలకి వచ్చే వైరస్ జబ్బు అంది. మందు లేదు. కాని చాలావరకు జబ్బుతో కాదు, ఆకలితో చస్తాయి. ఎదురుగా గింజ ఉన్నా మెడ తిరగడం వల్ల అందుకోలేవు. వేరేగా ఉంచి, నానబెట్టిన బఠాణీలు ఒక్కొక్కటీ నోట్లో పెట్టి, నీళ్లు పట్టించాలి. రోజుకి మూడుసార్లు. నెలా పదిహేను రోజులు. "అంత ఓపిక ఎవరికుంటుంది? ఎక్కువమంది వదిలేస్తారు" అని జబ్బు పేరు చీటీ మీద రాసిచ్చింది.

ఆ చీటీ ముందు గురునాథరావుకి చూపించాడు. ఆయన అద్దాలు పెట్టుకుని మూడుసార్లు చదివి జేబులో వేసుకున్నాడు. ఇది వైరస్ అని తనకి మొదటే అనుమానమొచ్చిందని వీధిలో అందరికీ చెప్పాడు. పోలిరాజు డాబా ఎక్కవచ్చన్నాడు.

సాయంత్రం దొరబాబు సైకిల్ దిగేసరికి పోలిరాజు గేటు దగ్గర ఉన్నాడు. డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పాడు. "ఈ నెలంతా నాకు సెకండ్ షిఫ్టే. మధ్యాన్నం దాకా ఇంట్లోనే ఉంటాను. పొద్దున్నా మధ్యాన్నం నాను తినిపిత్తాను. సాయంత్రం నువ్వు సూసుకో."

దొరబాబు అతన్ని కిందనుంచి పైదాకా చూశాడు. "నా పిట్టల్ని నువ్వు ముట్టుకుంటే నాను సూడనేను."

"నువ్వు లేనప్పుడే గదా వత్తాను."

దొరబాబు ఆలోచించాడు. అందులో తప్పు పట్టడానికి ఏమీ కనిపించలేదు. లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు. గడియ మాత్రం పెట్టలేదు.

మొదటిరోజు పద్నాలుగు పావురాలకి తినిపించడానికి పోలిరాజుకి మూడు గంటలు పట్టింది. పిట్టని తువ్వాలులో చుట్టి ఒడిలో పెట్టుకోవాలి. బొటనవేలితో ముక్కు తెరవాలి. గింజ నాలుక వెనక్కి పెట్టి, మింగేదాకా ఆగాలి. మెడని బలవంతంగా తిప్పకూడదు, అది ఎటు తిరిగితే చెయ్యి కూడా అటే పోవాలి. ఒక్కోదానికి ముప్పై గింజలు. చొక్కా, లుంగీ, మోచేతులు రెట్టలతో నిండిపోయాయి. రెండోరోజు బూడిదరంగు పోతు ఒకటి పద్దెనిమిది గింజలు తిని, పద్దెనిమిదీ అతని మీదే కక్కింది. అప్పుడు పోలిరాజు నోరు తెరిచి, దాని చూపుతో మొదలుపెట్టి పుట్టుకదాకా తిట్టాడు. రెండు నెలల తర్వాత అదే మొదటిసారి.

మెట్ల మీద కూర్చుని బఠాణీలు ఏరుతున్న వరహాలమ్మ తలెత్తి, "ఇప్పుడు నువ్వు నువ్వునాగున్నావు. ఇన్నాళ్లూ బయ్యమేసింది" అంది.

తిట్టడం అయిపోయాక దానికి మళ్లీ మొదటి గింజ నుంచి పెట్టాడు. పొద్దున కూర్చుని కళ్లు మూసుకోవడానికి ఇప్పుడు వీలవడం లేదు. ఆదివారాలు సీతమ్మధార వెళ్లడమూ కుదరడం లేదు. వీటి మంచి కోరుకుందామని ఒకటి రెండుసార్లు అనుకున్నాడు గాని, ఆ ధ్యాసలో గింజ గొంతుకి అడ్డం పడుతోందని మానేశాడు.

అందులోనూ కొన్ని పోయాయి. మొదటి రెండు వారాల్లో నాలుగు. ప్రతిసారీ దొరబాబు సాయంత్రం వచ్చి, ఖాళీ పెట్టె చూసి, తల్లిని అడిగి తెలుసుకునేవాడు. ఐదోది నల్లమెడ పిట్ట. మిగతావాటికన్నా బాగా తింటోందని పోలిరాజు దాని మీద ధైర్యంగా ఉన్నాడు. ఒక పొద్దున అతని ఒళ్లోనే, గింజ మింగి, రెక్కలు ఒకసారి చాచి, అలాగే ఉండిపోయింది. పోలిరాజు దాన్ని చాలాసేపు కింద పెట్టలేదు. తర్వాత సూపర్‌వైజరుకి ఫోన్ చేసి ఆ రోజు రానన్నాడు. ఎందుకని అడిగితే, పావురం చచ్చిపోయిందన్నాడు. ఇంట్లో అంతా బాగేనా అని సూపర్‌వైజరు మళ్లీ అడిగాడు.

సాయంత్రం ఆరు దాటాక దొరబాబు వచ్చేసరికి పోలిరాజు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. చేతుల్లో ఉతికిన తువ్వాలు, అందులో పిట్ట.

"ఎప్పుడు?" అన్నాడు దొరబాబు.

"పదింటికి. నా సేతుల్లోనే. ఏడు గింజలు తినింది."

దొరబాబు దాన్ని అందుకుని మెట్టు మీద కూర్చున్నాడు. వేలితో దాని మెడ మీద ఈకలు సర్దాడు.

"తెల్లదాని పేరు మల్లి" అన్నాడు కాసేపయ్యాక. "సేతిలో గింజలేసి పిలిత్తే గోడ మీంచి దిగొచ్చీది."

"నాకు తెల్దు. నానెప్పుడూ అడగనేదు."

"ఇప్పుడూ అడగనేదు. నానే సెప్తన్నాను."

పోలిరాజు కింద మెట్టు మీద కూర్చున్నాడు. "తప్పు నాదే దొరబాబూ."

"తెల్సు" అన్నాడు దొరబాబు.

ఇద్దరూ కలిసి పెరట్లో కరివేపాకు చెట్టు పక్కన గొయ్యి తీశారు. చీకటి పడ్డాక పోలిరాజు ఇంటికి వెళ్లి స్నానం చేసి, సూర్యకళ అడగకుండానే ఆమెకంతా చెప్పాడు.  ఆమె అతని కంచంలో ఇంకొంచెం పప్పు వేసింది.

తర్వాత పిట్టలేవీ పోలేదు. తొమ్మిది మిగిలాయి. ఐదోవారానికి మెడలు ఒక్కో వేలెడు చొప్పున దారికి రావడం మొదలైంది. దొరబాబు షట్‌డౌన్ డ్యూటీ అయిపోయింది. అయినా పోలిరాజు పొద్దున్నే వచ్చేవాడు. రావద్దని దొరబాబు అనలేదు, రమ్మనీ అనలేదు. చెరో పిట్టని ఒడిలో పెట్టుకుని తినిపించేవారు. ఒక ఆదివారం పొద్దున బూడిదరంగు పోతు ఒడి దిగి, నేల మీద బఠాణీని గురి చూసి పొడిచింది. ముక్కు గింజకి అంగుళం పక్కన నేలకి తగిలింది. మళ్లీ పొడిచింది. మళ్లీ నేల. ఇద్దరూ చేతిలో పని ఆపేశారు. పదకొండోసారి గింజ ముక్కులోకి వచ్చింది. మింగింది.

"తినీసింది" అన్నాడు పోలిరాజు.

"సూసినాను" అన్నాడు దొరబాబు. కాని మొహం పక్కకి తిప్పుకుని కళ్లు తుడుచుకున్నాడు. వరహాలమ్మ తెచ్చిన టీలు చల్లారిపోయేదాకా ఎవరూ ముట్టుకోలేదు.

పది రోజులకి దొరబాబుకి ఫోనొచ్చింది. ఆనందపురంలో పావురాలు పెంచే మనిషి ఒకతను, ఈ పిట్టలు బతికాయని విని చేశాడు. మెడలు తిరుగుతున్నాయట, ఎవరో దిష్టి పెట్టారంటున్నాడు. దొరబాబు ఫోను పక్కకి పెట్టి, గోడ మీంచి పోలిరాజుని పిలిచాడు. "ఇయాల నీకు సెలవేనా?"

"సెలవే."

"అయితే చొక్కా ఏసుకుని రా."

వీధి చివర ఉండే సుందరం అనే అతని దగ్గర అడిగి తెచ్చిన మోటారుసైకిల్ మీద ఇద్దరూ బయలుదేరారు. దొరబాబు హైవే మీద గొయ్యి వచ్చినప్పుడల్లా "గొయ్యి" అన్నాడు. ఒళ్లో నానబెట్టిన బఠాణీల డబ్బా గట్టిగా పట్టుకుని వెనక కూర్చున్నాడు పోలిరాజు.

ఆనందపురం మనిషి గుమ్మం దగ్గరే ఎదురొచ్చాడు. దొరబాబుని పలకరించి, పోలిరాజుని చూసి, "డాట్రుగారా?" అన్నాడు ఆశగా.

"కాదు. క్రేను డ్రైవరు" అన్నాడు దొరబాబు.

ఆ మనిషి ఇద్దరి వంకా చూశాడు. పోలిరాజు చెప్పులు విడిచి, చేతులు కడుక్కోవడానికి నీళ్లూ, కూర్చోవడానికి చిన్న పీటా అడిగాడు.